జానెడు ఎత్తున పెట్టిన కిటికీ

పాత ఇంటి ఫోటో ఒకటి పంపితే అది ఏ కాలంలో, ఏ పద్ధతిలో కట్టిందో చెప్పేయడం నాకున్న చిన్న పిచ్చి. మాది అనంతపురం. బెంగళూరులో ఒక ఆర్కిటెక్టు దగ్గర ముప్పై ఏళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీసి రిటైరయ్యాను. ఈ బ్లాగు మొదలుపెట్టాక పాఠకులు ఫోటోలు పంపడం, నేను టీ చల్లారేలోపు జవాబు రాసిపారేయడం అలవాటైపోయింది. ఆ తొందరే ఈసారి నా పరువు తీసింది. హిందూపురం నుంచి మంజుల అనే ఆమె నాలుగు ఫోటోలు పంపి, "మా ఇల్లు ఏ స్టైలు మేడం? తొంభై ఏళ్ళ కిందట కట్టిందంటారు. ఉత్తరం గదిలో కిటికీ మాత్రం ఎందుకంత కిందికి ఉందో చెప్పగలరా?" అని అడిగింది. ముందు భాగం బెంగళూరు బంగళా పద్ధతి, వెనకంతా మన రాయలసీమ మిద్దె, రెండూ కలిపి కట్టారు, కిటికీ విషయంలో మేస్త్రి లెక్క తప్పినట్టుంది అని రాసేశాను. ఆమె వెంటనే ధన్యవాదాలు చెప్తూ, "మా మామ కూడా అదే అంటారు. మీరు కూడా చెప్పారు కాబట్టి శుక్రవారం దాన్ని ఇటుకలతో మూయించేస్తాం" అని జవాబిచ్చింది.

రెండు రోజుల తర్వాత ఆ ఫోటోలు బ్లాగులో పెడదామని పెద్దవి చేసి చూశాను. కిటికీ గడప రాయి అంచును ఎవరో ఎంతో ఓపికగా గుండ్రంగా అరగదీశారు. రెండు పక్కల గోడను లోపలికి వచ్చేకొద్దీ వెడల్పయ్యేలా ఏటవాలుగా చెక్కారు, వెలుతురు గదిలోకి పరుచుకునేలా. పొరపాటున పెట్టిన కిటికీకి ఇంత పని ఎవడు చేస్తాడు? ముప్పై ఏళ్ళు ప్లాన్లు గీసినదాన్ని, ఆ మాత్రం చూసుకోకుండా ఎవరో కష్టపడి కట్టిన గోడ మీద తీర్పు చెప్పేశాను. మంజులకు ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమన్నాను. "మేస్త్రి శుక్రవారం పొద్దున వస్తాడు మేడం. మామ ఒకసారి అనుకుంటే ఆగే మనిషి కాదు. మీరు గురువారం రాండి" అంది. అలా గురువారం తెల్లవారుజామున బెంగళూరులో ప్యాసింజరు బండి ఎక్కాను. టికెట్టు నలభై రూపాయల లోపే. రెండు గంటల ప్రయాణం. ఎడమ పక్క కిటికీ సీటు దొరికితే గౌరీబిదనూరు దాటాక గుట్టలు బాగా కనిపిస్తాయి.

ఎనిమిది కావస్తుండగా హిందూపురంలో దిగాను. స్టేషను బయట పళ్ళెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీ రెండు తిని, ఆటో ఎక్కి మంజుల చెప్పిన వీధి పేరు చెప్పాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆ వీధిలో యాడ మేడం? కుంటి కిటికీ ఇంటి దగ్గరనా?" అన్నాడు. నేను వెళ్ళేది ఆ ఇంటికే అంటే నవ్వాడు. "మా అవ్వ కాలం నుంచి ఆ పేరే. మేస్త్రి తాగి పెట్టినాడంట" అన్నాడు. అరవై రూపాయలు తీసుకొని ఇంటి ముందే దించాడు. కథ చెప్పినందుకు మాత్రం ఏమీ అడగలేదు.

ఇల్లు ముందు నుంచి చూస్తే ముచ్చటగా ఉంది. మంగళూరు పెంకుల వసారా, చూరు అంచున చెక్కతో చేసిన జాలరు, కిటికీల మీద చిన్న చిన్న చెక్క టోపీలు. ఆ రోజుల్లో బెంగళూరు దండు ప్రాంతంలో, అంటే కంటోన్మెంటులో, బంగళాలు చూసివచ్చిన వ్యాపారులు మోజుపడి కట్టించుకున్న పద్ధతి ఇది. మొన్న వానలకు వసారా ఒక మూల కూలిందట. దాన్ని బాగుచేయించే పనిలోనే ఈ కిటికీ సంగతి వచ్చింది. వసారా దాటి లోపలికి అడుగుపెడితే బెంగళూరు అక్కడితో సరి. దూలాలు, వాటి మీద అడ్డంగా పేర్చిన దంతెలు, పైన మట్టి మిద్దె, వెలుతురు కోసం మిద్దెలో గవాక్షి. బయట ఎండ చురుక్కుమంటున్నా లోపల చల్లగా ఉంది. మంజుల యాభై ఏళ్ళ మనిషి. ఉత్తరం గదిలో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. భర్త మడకశిరలో బడిపంతులు, పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఆమె మామగారు నారాయణప్ప వసారాలో కుర్చీ వేసుకొని నా కోసమే కూర్చున్నాడు. ఎనభై ఆరేళ్ళు. కండువా సర్దుకొని లేవబోతే వద్దన్నాను.

"మీరు శైలి చెప్పినారంట. శానా సంతోషం. కిటికీ గురించి గూడా సరిగ్గా చెప్పినారు" అన్నాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. సరిగ్గా చెప్పలేదనే వచ్చానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "మా నాయనే చెప్పినాడు మేడం. నేను ఆరేడేండ్ల పిల్లోణ్ణి. బళ్ళో అందరూ కుంటి కిటికీ, కుంటి కిటికీ అని నగుతాండ్రి. ఏడ్చుకుంటా వచ్చి అడిగితే, మేస్త్రి తాగి పెట్టినాడు పో రా అన్నాడు. మళ్ళ ఎప్పుడూ అడగలే. ఎనభై ఏండ్లు మోసినా ఈ పేరును. నేను పొయ్యేలోపల అది మూసేసి పోవల్ల" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు. చిన్నప్పటి అవమానం ముసలితనంలో కూడా అంతే పచ్చిగా ఉంటుందని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

టేపు తీసి గది కొలిచాను. కిటికీ గడప నేల నుంచి సరిగ్గా జానెడు ఎత్తు. వెడల్పు మూడడుగులు, ఎత్తు అడుగున్నర. దాని ఎదురుగా దూలాలకు నాలుగు ఇనుప కొక్కేలు. అవి ఉయ్యాలకని మంజుల చెప్పింది. ఉయ్యాలకు రెండు చాలు కదా అంటే, "ఏమో మేడం, మేము ఎప్పుడూ రెండే వాడినాము" అంది. నేల మీద పరిచిన బండలన్నీ నల్లగా, కిటికీ పక్కనున్న ఒక్కటి మాత్రం కాస్త తెల్లగా ఉంది. కొలతలన్నీ పుస్తకంలో రాసుకున్నాను గానీ ఏమీ తట్టలేదు. ఇల్లు కట్టించింది నారాయణప్ప తండ్రి. పట్టునూలు వ్యాపారం చేసేవాడట, ఆరడుగుల మనిషి, లోపలి వాకిట్లో వంగకపోతే తల తగిలేదట. తల్లి పేరు రుక్కమ్మ. నారాయణప్పకు మూడేళ్ళప్పుడే పోయింది. "ధర్మవరం ఆమె అంట. అంతకంటే ఏం తెలీదు. ఫోటో లేదు. చిన్నమ్మ వచ్చి నన్ను సాకింది, బంగారట్ల చూసుకునింది. అమ్మ మాట ఎత్తితే నాయన లేచి బయటికి పోతాండె. అందుకే ఎవరూ ఎత్తలే" అన్నాడు. ధర్మవరం అన్న మాట వినగానే మగ్గం గుర్తు రావాలి ఎవరికైనా. నా బుర్ర అప్పుడు గడప రాయి మీదే ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రీలు ఎవరని అడిగాను. పెనుకొండ వాళ్ళని, అక్కడ కోట వాకిలికి దిగువ వీధిలో ఇదే మాదిరి ఇల్లు ఇంకొకటి వాళ్ళే కట్టారని చెప్పాడు. అది చూస్తే ఆ మేస్త్రీల అలవాటేమిటో తెలుస్తుందనుకున్నాను.

హిందూపురం బస్టాండు నుంచి పెనుకొండకు ప్రతి అరగంటకూ ఏదో ఒక బస్సు ఉంటుంది. సోమందేపల్లి మీదుగా గంట ప్రయాణం. మన రాష్ట్రం ఆడవాళ్ళకు బస్సు ఉచితం, నా ఆధార్ కార్డులో ఇంకా అనంతపురం చిరునామానే ఉంది కాబట్టి కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళు కార్డు మరిచిపోకండి. మగవాళ్ళయితే అరవై, డెబ్భై రూపాయలు చేతిలో ఉంచుకోండి. పదకొండు గంటలకు దిగాను. కొండ మీద కోట గోడ ఎండకు తెల్లగా మెరుస్తోంది. పెనుకొండ వెళ్ళినవాళ్ళంతా రాజుల మేడలు, దర్గా, కోట చూసివస్తారు. నేను మాత్రం ఒక వీధిలో కిటికీలు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తూ తిరిగాను. ఇద్దరు ముగ్గురు నన్ను అనుమానంగా చూశారు కూడా. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. అదే చెక్క జాలరు, అవే టోపీలు. ముందు గదిలో గాజుల కొట్టు, కొట్టులో ఖాజాబీ అనే పెద్దావిడ.

ఆ ఇల్లు ఆమె భర్త తాతది. వాళ్ళు రాతి పని చేసేవాళ్ళు, ఆ పని మానేసి రెండు తరాలైంది. లోపల చూస్తానంటే, "చూడమ్మా, ఏముండాది దాచేదానికి" అని మంచినీళ్ళు ఇచ్చింది. లోపలి కిటికీలన్నీ చూశాను. ఒక్కటి కూడా కిందికి లేదు. అన్నీ మామూలుగా నడుము ఎత్తున, ఒకదానితో ఒకటి వేలెడు తేడా లేకుండా ఉన్నాయి. గడప రాళ్ళు మాత్రం అచ్చం హిందూపురంలో చూసినట్టే గుండ్రని అంచులతో ఉన్నాయి. అంటే వీళ్ళు లెక్క తప్పే మేస్త్రీలు కాదు. ఫోనులో హిందూపురం కిటికీ ఫోటో చూపించి, మేస్త్రి తాగి పెట్టాడని అక్కడ అంటున్నారని చెప్పాను. ఖాజాబీకి కోపం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకొని మళ్ళీ చూసింది.

"ఈ రాయి అంచు ఇట్ల తేవాలంటే నాలుగు దినాలు పడతాది. మా మామ చెప్తాండె. తాగినోడు నాలుగు దినాలు తాగతాడా, రాయి చెక్కతాడా? మా వాళ్ళను మీరే అడిగి పెట్టించుకొని, మీరే తాగుబోతులను చేస్తిరి" అంది. నేను కాదు, వాళ్ళు అన్నారని చెప్పుకోబోయి ఊరుకున్నాను. నేను కూడా ఆ మాట రాసినదాన్నే కదా. ఆమె ఇంకాసేపు ఫోటో చూసి, కిటికీ ఎదురుగా కూర్చునే చోటు ఏదని అడిగింది. ఫోటోలో మంజుల కుట్టుమిషను ఉంది. "ఇది కాదు. కింద కూర్చునే పనికి పెట్టిన కిటికీ ఇది. మా ఆయన చెల్లెల్ని ధర్మవరంలో ఇచ్చినాం. వాళ్ళ వీధిలో మగ్గం ఇండ్లల్లో ఇట్ల కింద ఉంటాయి. నువ్వు ధర్మవరం పోమ్మా. ఇంకేం ఆలోచన చేస్తాండావు?" అంది. ధర్మవరం అనగానే రుక్కమ్మ పేరు గుర్తొచ్చింది. నారాయణప్ప చెప్తున్నప్పుడు టేపు పట్టుకొని నిలబడిన నా మీద నాకే చిరాకేసింది. అరడజను గాజులు కొని, బేరం ఆడకుండా ఇచ్చి, బస్టాండుకు పరుగులాంటి నడక నడిచాను.

పెనుకొండ నుంచి ధర్మవరం బస్సులో గంటంబావు. ఒంటిగంట దాటాక దిగాను. ఎండ మండిపోతోంది. ఆటో డ్రైవరుతో గుంత మగ్గం ఉన్న ఇల్లు చూడాలన్నాను. "చీర కొనేదానికా?" అన్నాడు. కాదు, కిటికీ చూడటానికి అంటే నా ముఖం వంక చూసి, "ఇప్పుడంతా కరెంటు మగ్గాలు అక్కా. గుంత మగ్గాలు శానా తక్కువ. మా మామ ఇంట్లో ఉండాది, పోదాం రా" అని ఎక్కించుకున్నాడు. ఎనభై రూపాయలు. మామ పేరు వెంకటేశు. అరవై దాటిన మనిషి, సన్నగా, చేతులు మాత్రం బలంగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి మగ్గంలో కూర్చొని నేస్తున్నాడు. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించి, గుంత అంచున కూర్చుంటే, నేసే బట్ట సరిగ్గా ఆయన ఒళ్ళోకి వస్తుంది. ఎడమ పక్క గోడకు కిటికీ. గడప జానెడు ఎత్తు. వెలుతురు నేరుగా దారాల మీద పడుతోంది. మగ్గం పై భాగాలన్నీ నాలుగు తాళ్ళతో దూలాలకున్న నాలుగు కొక్కేలకు వేలాడుతున్నాయి.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పుస్తకం తీసి కొలతలు చూపిస్తే వెంకటేశు మగ్గం ఆపి శ్రద్ధగా విన్నాడు. "కొక్కేలు నాలుగు, కిటికీ ఉత్తరానికి. ఇంక అడిగేదేముండాది? మగ్గం గదే. నేల మీద ఒక బండ వేరేగా ఉండాదా?" అన్నాడు. తెల్లగా ఉందని చెప్పాను. "దాని కింద గుంత ఉంటాది. మగ్గం తీసేస్తే ఇసుకతో పూడ్చి బండ వేస్తారు" అన్నాడు. ఆడవాళ్ళు నేసేవారా అని అడిగాను. ఆయన భార్య లోపల కండెలకు దారం చుడుతోంది. ఆమే జవాబు చెప్పింది. "ఇప్పుడు మాకు ఇదే పని ఎక్కువ. మా అవ్వ నేస్తాండె అక్కా. శానా బాగ నేస్తాండె" అంది. తర్వాత వెంకటేశు చెప్పిన మాట నేను ఈ ప్రయాణంలో రాసుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనది. "గుంత ఎవరి కాళ్ళకు తగినట్టు వాళ్ళు తవ్వుకుంటారు. నా గుంతలో నా తమ్ముడు కూర్చోలేడు, వాడు పొడుగు. ఒకరి గుంత ఇంకొకరికి కుదరదు" అన్నాడు.

భోజనం చేసి వెళ్ళమని పట్టుబట్టారు. రాగి సంగటి, ఊరిబిండి, పలుచటి పప్పు. ఊరిబిండి అంటే వేరుశనగ గుళ్ళు వేయించి, మిరపకాయలతో నూరిన పచ్చడి. అంత బాగా నేనెప్పుడూ నూరలేను. తింటూ తింటూ నారాయణప్ప గురించి చెప్పాను. ఆయనకు తల్లి ఫోటో కూడా లేదని చెప్తే వెంకటేశు భార్య గిన్నె పక్కన పెట్టి, "అయితే ఇప్పుడే పో అక్కా. ఈ మాట ఫోన్లో చెప్పొద్దు" అంది. మూడున్నర ప్రాంతంలో ధర్మవరంలో బెంగళూరు వైపు వెళ్ళే బండి పట్టుకుంటే ఐదుకు హిందూపురంలో దింపింది. బళ్ళ వేళలు మారుతుంటాయి, మీరు బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. దారిలోనే మంజులకు ఫోన్ చేస్తే, మేస్త్రి ఓబులేశు ఇటుకలు దించడానికి ముందుగానే వచ్చేశాడని, మామ ఈరోజే మొదలుపెట్టమంటున్నాడని చెప్పింది. నేను వచ్చేదాకా గోడ మీద చెయ్యి వేయనివ్వద్దని అరిచినంత పని చేశాను. పక్క సీటాయన ఉలిక్కిపడ్డాడు.

ఆటో దిగేసరికి ఇటుకలు వాకిట్లో ఉన్నాయి. ఓబులేశు సున్నం కలిపే గంప పక్కన నిలబడి ఉన్నాడు. నారాయణప్ప కుర్చీ ఉత్తరం గదిలోకి మారింది, దగ్గరుండి మూయించడానికి. ఇంకా ఎండ ఉంది, గదిలో వెలుతురు నిండుగా ఉంది. నేను చెప్పదలుచుకున్నదంతా దారి పొడుగునా వరసగా అమర్చుకున్నాను గానీ ఆయన్ని చూడగానే అదంతా మరిచిపోయాను. "ఆ తెల్ల బండ ఒక్కటి లేపిస్తారా?" అని మాత్రం అడిగాను. ఎందుకని అడిగాడు. మీ అమ్మగారి కోసం అన్నాను. ఆయన ఓబులేశు వైపు తల ఊపాడు.

మంజుల కుట్టుమిషను పక్కకు జరిపింది. ఓబులేశు గడ్డపార సందులో పెట్టి బండ లేపాడు. కింద ఇసుక. మెత్తగా, పొడిగా, వెంకటేశు చెప్పినట్టే. బొచ్చెతో ఇసుక తోడుతుంటే ఒక పక్క రాతి అంచు తగిలింది, తర్వాత రెండో పక్క. పది నిమిషాల్లో నాలుగు పక్కలా రాళ్ళు పేర్చి కట్టిన గుంత బయటపడింది. అప్పుడు చెప్పాను, కొక్కేల సంగతి, కిటికీ సంగతి, ఉత్తరపు వెలుతురు సంగతి. తాగిన మేస్త్రి ఎవరూ లేడని, రుక్కమ్మ గారు ఈ ఇంట్లో కూర్చొని నేసుకోవడానికి మీ నాయన అడిగి పెట్టించిన కిటికీ ఇదని చెప్పాను. ఓబులేశు చేతులు దులుపుకొని, "మా మేస్త్రీల మీద ఎనభై ఏండ్లు పెట్టినారు గదప్పా ఈ నింద" అన్నాడు. నవ్వుతూ అన్నా గొంతులో నవ్వు లేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

నారాయణప్ప కుర్చీలోంచే వంగి గుంతలోకి చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, "నన్ను దించు మంజులా" అన్నాడు. వద్దు మామా, మోకాళ్ళు అని ఆమె అంటున్నా వినలేదు. మంజుల, ఓబులేశు చెరో చెయ్యి పట్టి గుంత అంచున కూర్చోబెట్టారు. ఆయన కాళ్ళు లోపలికి దించాడు. పాదాలు అప్పుడే అడుగుకు తగిలేశాయి, మోకాళ్ళు గడ్డం దాకా లేచాయి. గుంత ఆయనకు చాలా చిన్నది. నేను కిటికీ గడప పట్టుకొని, గుంత ఎవరిదైతే వాళ్ళ కాళ్ళ కొలతకే తవ్వుతారట, ఒకరిది ఇంకొకరికి కుదరదట అని చెప్పాను. ఆయన రెండు చేతులూ అటూ ఇటూ రాతి అంచు మీద పెట్టి, కిందికి చూసి, "అయితే మాయమ్మ పొట్టిది" అన్నాడు. "మంజులా, చూడు. మాయమ్మ ఇంతే ఉండె. మా నాయన ఆరడుగులు, ఆమె ఇంతే ఉండె" అని మళ్ళీ అన్నాడు. తల్లి రూపం గురించి ఆయనకు తెలిసిన మొదటి సంగతి అది. ఎనభై ఆరేళ్ళ మనిషి అలా కూర్చొని కిటికీలోంచి వీధిలోకి చూస్తుంటే, వెలుతురు సరిగ్గా ఆయన ఒళ్ళో పడింది. నేను ఫోటో తీయలేదు, తీయాలనిపించలేదు.

తర్వాత కాఫీ తాగుతూ ఆయనే అన్నాడు, "మా నాయన నాతో ఏల అబద్ధం చెప్పినాడు మేడం?" అని. నాకేం తెలుసు? భార్య పేరు ఎత్తలేక, ఊరంతా నవ్వినా సరే అనుకొని, నింద మేస్త్రి మీద వేసి ఊరుకున్నాడేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో తెలియలేదు. "ఆమె పోయినంక గుంత పూడ్చినాడు. కిటికీ మాత్రం ఏల మూయలే?" అన్నాడు కాసేపాగి. ఓబులేశు మర్నాడు ఇటుకలు వెనక్కి తీసుకుపోతానన్నాడు. వద్దు, వసారాకు వాడు అన్నాడు నారాయణప్ప. ఏడు గంటల బండికి నన్ను ఎక్కించడానికి మంజుల స్టేషను దాకా వచ్చింది.

ఇప్పుడు ఆ ఇల్లు ఏ శైలి అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు, కానీ చెప్పడానికి కాస్త సమయం పడుతుంది. ముందు భాగం ఒక వ్యాపారి బెంగళూరులో చూసి మోజుపడినది. మధ్యలోది ఈ నేలది, ఈ ఎండది. ఉత్తరం గది మాత్రం ధర్మవరం నుంచి వచ్చిన ఒక పొట్టి అమ్మాయిది. ఆమెకు పుట్టింటి వెలుతురు ఇక్కడ కూడా దొరకాలని ఆరడుగుల మనిషి ఒకడు మేస్త్రీల పక్కన నిలబడి జానెడు ఎత్తు చూపించి ఉంటాడు. ముప్పై ఏళ్ళలో నేను వందల కిటికీలు గీశాను. అన్నీ నిలబడిన మనిషికి సరిపోయేవే. గీసేటప్పుడు ఒక్కసారి కూడా ఇక్కడ ఎవరు కూర్చుంటారు, కూర్చొని ఏం చేస్తారు అని అడగలేదు. ఇకపైన మీరు ఫోటోలు పంపితే జవాబు ఆలస్యంగా వస్తుంది, ఏమీ అనుకోకండి.

ఒక్క సలహా. ఈ మూడు ఊర్లూ ఒకే రోజులో చూడొచ్చు, నేను చూశాను. పొద్దున్నే బయలుదేరండి, నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, చిన్న టేపు ఉంచుకోండి. హిందూపురంలో ఆటో ఎక్కి కుంటి కిటికీ ఇల్లు అంటే ఇప్పటికీ అక్కడే దించుతారు, పేరు ఇంకా మారలేదు. మంజుల పోయిన వారం ఫోన్ చేసి చెప్పింది, మామ ఆ పేరుకు ఇప్పుడు బాధపడటం మానేశాడట, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి చూపిస్తున్నాడట. మీరు వెళ్తే హిందూపురానికి ఒక అరగంట ఎక్కువే పెట్టుకోండి. మిమ్మల్ని గుంత అంచున కూర్చోబెట్టి, మోకాళ్ళు ఎంత ఎత్తుకు లేచాయో చూసి, "మాయమ్మ నీకంటే పొట్టిది" అని చెప్పందే ఆయన పోనివ్వడు.